పని అడిగినందుకు ఫీజా?

(మండల మహాసభలో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఇప్పటిదాకా వడ్ల ధర గురించి, యూరియా కొరత గురించి మాట్లాడుకున్నాం. ఇక మన పిల్లల సంగతి మాట్లాడుకుందాం. ఉన్న రెండెకరాలు ఇద్దరికి పంచితే ఎవరికీ బతుకు లేదని తెలిసే వాళ్ళను డిగ్రీలు, బీఈడీలు చదివించాం. చదువు అయిపోగానే ఎదురయ్యే మొదటి ఖర్చు దరఖాస్తు ఫీజు.

2024 మార్చిలో తెలంగాణ టెట్ నోటిఫికేషన్ వచ్చింది. అంతకుముందు నాలుగు వందలు దాటని ఫీజు ఒక పేపరుకు 1,000, రెండు పేపర్లకు 2,000 రూపాయలైంది. ఆ ఏడాది సాధారణ రకం వడ్లకు మద్దతు ధర క్వింటాకు 2,183. అంటే దాదాపు క్వింటా వడ్లు అమ్మితే గాని మన బిడ్డ రెండు పేపర్లు రాయలేదు. అదీ ఉద్యోగానికి కాదు, ఉత్త అర్హత పరీక్షకు. ఆ తర్వాత డీఎస్సీ. 11,062 పోస్టుల ఆ నోటిఫికేషన్‌లో ఒక్కో పోస్టు దరఖాస్తుకు 1,000 పెట్టారు. ఆంధ్రప్రదేశ్‌లో 2025 మెగా డీఎస్సీకి ఒక్కో పోస్టుకు 750. నెట్ సెంటర్ ఖర్చు, బస్సు కిరాయి వీటికి అదనం.

పరీక్ష పెట్టడానికి ఖర్చవుతుంది కదా అంటారు. అవుతుంది. అది ఎవరు భరించాలి? మన మార్కెట్ యార్డునే చూడండి. 1966 మార్కెట్ల చట్టం ప్రకారం మార్కెట్ ఫీజు కొన్నవాడు కట్టాలి, పంట తెచ్చిన రైతు కాదు. బడికి టీచరు కావలసింది ప్రభుత్వానికి. మన పిల్లలు తమ శ్రమను తెచ్చి ముందు పెడుతున్నారు. మరి ఇక్కడ అమ్మేవాళ్ళ దగ్గరే ఎందుకు వసూలు చేస్తున్నారు?

2005 ఉపాధి హామీ చట్టం జాబ్ కార్డును ఉచితంగా ఇమ్మంది. పని అడిగిన 15 రోజుల్లో చూపకపోతే భృతి చెల్లించమంది. తట్ట మోసే తల్లికి ఒప్పుకున్న న్యాయం చదువుకున్న బిడ్డకు ఎందుకు వర్తించదు?

ఇది కుదరని కోరిక కాదు. సివిల్స్ దరఖాస్తుకు యూపీఎస్సీ తీసుకునేది 100 రూపాయలే. మహిళలు, ఎస్సీ, ఎస్టీ, వికలాంగ అభ్యర్థులకు అదీ లేదు. రైల్వే బోర్డులు 2018 నుంచి 500 తీసుకుని, పరీక్షకు హాజరైతే 400 తిరిగి ఇస్తున్నాయి. మహిళలు, ఎస్సీ, ఎస్టీలు కట్టిన 250 మొత్తం వెనక్కి వస్తుంది.

గ్రూప్-1 ప్రిలిమ్స్ 2022 అక్టోబరులో పెట్టి, ప్రశ్నపత్రం లీకై 2023 మార్చిలో రద్దు చేశారు. జూన్‌లో మళ్ళీ పెడితే హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. పట్నంలో గది కిరాయి కట్టుకుని చదివిన పిల్లలకు ఆ నష్టం ఎవరు ఇచ్చారు? తప్పు వ్యవస్థది, అప్పు మనది.

నిరుద్యోగులు గొంతెత్తాకే 2024 నవంబరు టెట్‌కు ఫీజును 750కి, రెండు పేపర్లకు 1,000కి తగ్గించారు. తగ్గించగలిగినవాళ్ళు తీసెయ్యనూ గలరు.

అందుకే మా డిమాండ్లు ఇవి. నిరుద్యోగుల దరఖాస్తుకు ఫీజు ఉండకూడదు. అప్పటిదాకా, హాజరైనవారికి రైల్వేలాగా తిరిగి ఇవ్వాలి. పరీక్ష రద్దయితే ఫీజుతో పాటు ప్రయాణ ఖర్చు కూడా ఇవ్వాలి. వసూలైన మొత్తం, పరీక్షకు అయిన ఖర్చు ప్రతి నోటిఫికేషన్ తర్వాత బహిరంగంగా ప్రకటించాలి.

ఈ నెల గ్రామ కమిటీలన్నీ ఈ నాలుగింటినీ తీర్మానం చేసి తహసీల్దారుకు అందజేయాలి. విద్యార్థి, యువజన సంఘాలను కలుపుకుని నడుద్దాం. మద్దతు ధర ఎంత మన సమస్యో, ఇదీ అంతే మన సమస్య.