ఒక చిన్న దేశం, సగం ప్రజలు

(జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈరోజు మీకొక చిన్న యూరప్ దేశం గురించి చెప్తాను. దాని పేరు లిక్టెన్‌స్టైన్. స్విట్జర్లాండ్‌కూ ఆస్ట్రియాకూ మధ్య, ఆల్ప్స్ కొండల పక్కన, రైన్ నది ఒడ్డున ఉంటుంది. విస్తీర్ణం 160 చదరపు కిలోమీటర్లు. అంటే జనగామ జిల్లాలో ఒక మండలమంత. జనం దాదాపు 40 వేలు, భాష జర్మన్. 1719లో సంస్థానంగా ఏర్పడింది, ఇప్పటికీ అక్కడ రాజవంశమే ఉంది. 1868లో సైన్యాన్ని రద్దు చేసుకున్నారు. ఒకనాటి పేద రైతుల దేశం, రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పరిశ్రమలతో, బ్యాంకులతో సంపన్నమైంది.

భూగోళం, చరిత్ర పుస్తకాలు ఇంతవరకు చెప్పి ఊరుకుంటాయి. 'ప్రజలు' అన్న మాటలో ఎవరున్నారని మనం అడగాలి. ఆ దేశంలో స్త్రీలకు పార్లమెంటు ఎన్నికల్లో ఓటు 1984 దాకా లేదు. 1971లో, 1973లో ప్రజాభిప్రాయం అడిగితే మగవాళ్లు రెండుసార్లూ కాదన్నారు. స్త్రీలు సంఘం కట్టి పోరాడారు. 1984 జూలై 1న మళ్లీ అడిగారు. ఓటేసింది మళ్లీ మగవాళ్లే. అవునన్నవి 2,370, కాదన్నవి 2,251. సగం జనం పౌరసత్వం 119 ఓట్ల మీద తేలింది!

మనకు 1952 నాటి మొదటి సాధారణ ఎన్నికల్లోనే ఓటుంది. దాన్ని మనకెవరూ దయతలచి ఇవ్వలేదు. అంతకుముందే, 1940లలో, పాలకుర్తి ఐలమ్మ తన పంట కోసం విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించింది. భూమి కోసం నిలబడ్డ ఆ చాకలి స్త్రీ చేతిలో అప్పటికి ఓటు లేదు.

మరి ఓటు ముందొచ్చిన మనకు భూమి వచ్చిందా? 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం పెళ్లయిన వారికి పోడు పట్టా భార్యాభర్తలిద్దరి పేర్ల మీదా ఉండాలి. మహబూబాబాద్, భూపాలపల్లి అడవి పల్లెల్లో ఇది మనకు ముఖ్యమైన హక్కు. పంచాయతీల్లో సగం స్థానాలు స్త్రీలకే. కానీ సర్పంచి ఆమె అయితే కుర్చీలో కూర్చునేది ఆయన అన్న ఊళ్లు మీకు తెలుసు.

ఇంటికెళ్లాక ఒక పని చేయండి. పట్టాదారు పాసుపుస్తకం తెరిచి ఎవరి పేరుందో చూడండి. మీ పేరు లేకపోతే, ఎందుకు లేదని అడగండి. మన ఊరి చరిత్ర అక్కణ్నుంచి రాసుకుందాం.