చీనీ పాఠం, సంకేత మార్పిడి, లేఖక ధర్మం

ఒక సంకేత విధానంలో ఉన్న పాఠాన్ని మరొక సంకేత విధానంలోకి మార్చడం యంత్రానికి అప్పగించదగిన గుమాస్తా పనిలా కనిపించినా, అది తాళపత్రానికి ప్రతి రాసిన లేఖకుడి నుండీ, ప్రతులను సరిపోల్చి పాఠాన్ని నిర్ణయించిన పరిష్కర్త నుండీ ఈ కాలానికి సంక్రమించిన బాధ్యత. ఆ బాధ్యత బరువు చీనీ లిపి దగ్గర బాగా తెలుస్తుంది కనుక ఈ ఉపన్యాసం ఆ లిపినే ప్రధానంగా పరిశీలిస్తుంది.

కంప్యూటరుకు అక్షరాలు తెలియవు, సంఖ్యలే తెలుసు. ఏ అక్షరానికి ఏ సంఖ్య అనే ఒప్పందాన్నే ఎన్‌కోడింగ్, అంటే సంకేత విధానం, అంటారు. ఒక బైట్‌లో 0 నుండి 255 వరకు 256 విలువలే పడతాయి. ఇంగ్లీషుకు అవి చాలినా, వేల అక్షరాల చీనీకి ఏ మూలకూ రావు. అందుచేత చైనా 1980లో వెలువరించిన జీబీ 2312 ప్రమాణం 94 వరుసలు, వరుసకు 94 గళ్లు గల పట్టికను ఏర్పరచి, అందులో 6,763 చీనీ అక్షరాలను కూర్చింది. వాటిలో తరచుగా వాడే 3,755 అక్షరాలు ఉచ్చారణ క్రమంలోనూ, మిగిలిన 3,008 అక్షరాలు వాటి ప్రధానావయవాల క్రమంలోనూ ఉంటాయి. 'నడుమ' అనే అర్థం గలదీ, చైనా వారి దేశనామానికి మొదటి అక్షరమూ అయిన 'జోంగ్' ఈ పట్టికలో 54వ వరుసలో 48వ గడిలో ఉంది. ఆ రెండింటికీ 160 చొప్పున కలిపితే వచ్చే 214, 208 అనే జంట బైట్లే ఫైలులో దాని రూపం. అలా కలపడం వల్ల 128కి లోపలి విలువలన్నీ ఇంగ్లీషుకే మిగిలి, రెండు లిపులూ ఒకే ఫైలులో ఇమిడిపోయాయి.

సరళీకరించని సంప్రదాయ లిపినే పాటించే తైవాన్‌లో 1984లో బిగ్ ఫైవ్ అనే వేరొక విధానం వచ్చింది. పదమూడు వేలకు పైగా అక్షరాలను గీతల సంఖ్యను బట్టి అమర్చిన ఆ విధానంలో అదే 'జోంగ్' అక్షరానికి 164, 164 అనే బైట్లు దక్కాయి. ఈ జంటను జీబీ 2312 ప్రకారం చదివితే జపాను వారి హిరగానా లిపిలోని 'ఇ' అక్షరం ప్రత్యక్షమవుతుంది. ఒక ఒప్పందంలో రాసినదాన్ని మరొక ఒప్పందంలో చదివినప్పుడు తెరపై కనిపించే చిందరవందరను చీనీలో 'లువాన్‌మా' అంటారు. అందులోని ప్రతి గుర్తూ రెండో ఒప్పందం ప్రకారం చెల్లుబాటయ్యే అక్షరమే కావచ్చు కనుక, యంత్రానికి అక్కడ దోషమేదీ కనిపించదు. పాత ఫైళ్లలో చాలావాటికి తమ విధానమేదో తెలిపే చీటీ లేకపోవడంతో సాఫ్ట్‌వేర్ అక్షరాల వాడుక తరచుదనాన్ని లెక్కగట్టి ఊహిస్తుంది. పొడవైన వ్యాసం విషయంలో నిలిచే ఆ ఊహ, రెండు మూడు అక్షరాల మనిషి పేరు దగ్గర తేలికగా తప్పుతుంది.

బిగ్ ఫైవ్‌లో మరొక చిక్కు ఉంది. దాని రెండో బైట్ 128కి లోపల కూడా ఉండవచ్చు. 'కృషి ఫలం' అనే అర్థం గల 'గోంగ్' అక్షరపు బైట్లు 165, 92. ఈ 92 ఇంగ్లీషు పట్టికలో వెనక్కి వాలిన గీతకు, అంటే బ్యాక్‌స్లాష్‌కు, చెందిన సంఖ్య. అనేక ప్రోగ్రామింగ్ భాషలు ఆ గీతను ఒక ఆజ్ఞగా భావించి మింగివేస్తాయి కనుక, అక్షరంలో సగం పోయి, మిగిలిన సగం పక్క అక్షరంతో కలిసిపోయేది. ఇదే గతి పట్టిన మరి రెండు అక్షరాలతో కలిపి 'షు గోంగ్ గై' అన్నది ఆ చిక్కుకే పేరైపోయింది.

ఈ విధానాల మధ్య వారధిగా నిలిచినది, వేర్వేరు లిపుల అక్షరాలకు ఒకే పట్టికలో సంఖ్యలిచ్చే యూనికోడ్. ప్రతి విధానం నుండి ప్రతి ఇతర విధానానికీ వేరువేరు పట్టికలు రాసే బదులు, ముందు యూనికోడ్‌లోకి, అక్కడి నుండి గమ్యంలోకి మార్చడమే నేటి సాఫ్ట్‌వేర్ అనుసరించే మార్గం. యూనికోడ్‌లో 'జోంగ్' సంఖ్య 20,013; ఆ సంఖ్యను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో అది 228, 184, 173 అనే మూడు బైట్లుగా నిలుస్తుంది. అయితే వారధి ఎంత విశాలమైనా, అవతలి ఒడ్డున చోటు లేని అక్షరం అక్కడికి చేరలేదు. చైనా ప్రధానిగా పనిచేసిన జూ రోంగ్‌జీ పేరులోని 'రోంగ్' అక్షరం జీబీ 2312లో లేకపోవడం వల్ల, దాని రెండు అవయవాలను విడివిడిగా పక్కపక్కన పెట్టి పేరు అచ్చువేయవలసివచ్చేది. 1995 నాటి జీబీకే విధానం ఆ లోటు పూరించి 21,000కు పైగా అక్షరాలకు చోటిచ్చింది. 2000లో వచ్చిన జీబీ 18030 నాలుగు బైట్ల రూపాలను కూడా చేర్చి, యూనికోడ్ స్థానాలన్నింటికీ తావు కల్పించింది.

అన్నింటికన్నా శోచనీయమైనది తిరిగి రాని నష్టం. అర్థం కాని బైట్లు ఎదురైనప్పుడు సాఫ్ట్‌వేర్ వాటి స్థానంలో యూనికోడ్ ప్రత్యామ్నాయ చిహ్నాన్ని పెడుతుంది. యూటీఎఫ్-8లో దాని బైట్లు 239, 191, 189. ఇవి రెండుసార్లు వరుసగా వచ్చి, ఎవరో వాటిని జీబీకే ప్రకారం చదివితే, ఆరు బైట్లు మూడు జంటలై 'కున్ జిన్ కావ్' అనే అర్థరహితమైన మూడక్షరాలు ఏర్పడతాయి. ఈ మూడక్షరాలు ఎక్కడ కనిపించినా, అక్కడి మూలపాఠం అప్పటికే నశించిందనీ, ఏ పట్టికా దాన్ని వెనక్కి తేలేదనీ గ్రహించవలసిందే.

సంకేతాల మార్పిడి వేరు, లిపి రూపాల మార్పిడి వేరు. 1956 నుండి చైనాలో అమలైన లిపి సరళీకరణ కొన్నిచోట్ల రెండు అక్షరాలను ఒకటిగా కలిపివేసింది. సరళ లిపిలోని 'ఫా' అనే ఒక్క అక్షరం సంప్రదాయ లిపిలో 'వెలువరించు' అనే అర్థంలో ఒకటిగా, 'జుట్టు' అనే అర్థంలో మరొకటిగా ఉంటుంది. 'హౌ' అనే అక్షరం ఒకచోట 'రాణి', మరొకచోట 'తరువాత'. కాబట్టి సరళ లిపి నుండి సంప్రదాయ లిపికి మార్చేటప్పుడు అక్షరానికి అక్షరం పెడితే సరిపోదు, చుట్టూ ఉన్న మాటను చూడాలి. ఓపెన్‌సీసీ వంటి సాధనాలు పదబంధాల నిఘంటువులను ఆశ్రయించేది ఇందుకే. అంతకు పైమెట్టున పదజాల భేదం నిలుస్తుంది: 'సాఫ్ట్‌వేర్' అనే మాటకే చైనాలో 'రువాన్‌జియెన్', తైవాన్‌లో 'రువాన్‌తీ' అంటారు. సంకేతం, లిపి, పదం అనే ఈ మూడు మెట్లనూ ఒకటిగా ఎంచిన సాఫ్ట్‌వేర్ పాఠాన్ని మార్చడానికి బదులు కొత్త పాఠాన్ని కల్పిస్తుంది.

తెలుగు వారికి ఇది పరాయి కథ కాదు. గుణింతపు గుర్తులనూ ఒత్తులనూ ముక్కలు చేసి రోమన్ అక్షరాల గళ్లలో దాచిన డీటీపీ ఫాంట్లలో తెలుగు గ్రంథాలు ఎన్నో కూర్చబడ్డాయి. వాటిని యూనికోడ్‌లోకి తెచ్చేటప్పుడు, కంటికి కనిపించే వరుసను ఉచ్చారణ వరుసలో తిరిగి పేర్చవలసివస్తోంది. ఆ పని చేస్తున్న వారికి చీనీ అనుభవం ఒక హెచ్చరిక, ఒక ఆసరా కూడా.

శిథిలమైన తాటాకు ఎదురైనప్పుడు మంచి లేఖకుడు తోచిన అక్షరంతో ఖాళీని పూరించేవాడు కాదు. చోటు విడిచి, అక్కడ గ్రంథపాతం ఉందని తెలిపేవాడు. పరిష్కర్త పాఠాంతరాలను అడుగున చూపేవాడు, మాతృకను భద్రపరిచేవాడు. సంకేత మార్పిడి సాఫ్ట్‌వేర్‌కూ ఇదే ధర్మం వర్తిస్తుంది. మూల బైట్లను చెరపకుండా ఉంచడం, పాఠం ఏ విధానంలో ఉందో దానితోపాటే రాసి పెట్టడం, చోటు దొరకని అక్షరానికి మౌనంగా ప్రశ్నార్థకం పెట్టకుండా ఆగి తెలియజేయడం, సందేహాన్ని మనిషి కంటికి చూపడం అందులోని నియమాలు. ఒక్క అక్షరం పోతే గణితానికి అది రెండు బైట్ల లోటే కావచ్చు గాని, ఆ అక్షరం ఒక మనిషి పేరులోనిదైతే పోయినది అతని పేరే. భాషాశాస్త్రాన్నీ కంప్యూటర్ శాస్త్రాన్నీ ఒకే వేదికపైకి తెచ్చిన ఈ సదస్సులో జరిగే చర్చలు ఆ అక్షరాన్ని కాపాడే దిశగా సాగాలి.