వేళ్లతో తెచ్చిన చెట్టు
(రేడియో ప్రసంగ పాఠము)

ఈ ఉదయము మన ధ్యానమునకు 92వ కీర్తన, 12 నుండి 15 వరకు వచనములు. బైబిలు దగ్గరున్నవారు తెరచి పెట్టుకోండి.

మా ఇంట్లో ఒక పాత ఫోటో ఉంది. పుంగనూరు దగ్గర మా పల్లెలో తీసినది. చింతచెట్టు, దాని పక్కన కపిల బావి, మోకు పట్టుకొని ఎద్దుల వెనుక నిలబడిన మా తాత. కదలకూడదని చెప్పి ఉంటారు, అందరూ బిగుసుకొని నిలబడ్డారు. ఒక ఎద్దు మాత్రము మాట వినలేదు, తల ఆడించింది. దాని ముఖము మసకగా పడింది. మూలన చొక్కా లేని ఏడేళ్ల పిల్లవాడు మా నాయన.

అమ్మ ప్రభువునందు నిద్రించిన తరువాత, 1996లో, నాయనను కుప్పము తెచ్చుకున్నాను. నా ఉద్యోగము అక్కడే. రెండు రోజుల్లో ఎద్దులను అమ్మించి, ఇంటికి తాళము వేసి బస్సెక్కించాను. "పది దినాలు ఆగురా" అన్నాడు. సెలవు లేదన్నాను. కుప్పములో వేళకు అన్నము, మంచము, ఫ్యాను అన్నీ ఉన్నాయి. అయినా మనిషి ఎండిపోతున్నాడు. ఒకరోజు కోపము పట్టలేక, "ఇక్కడ నీకేమి తక్కువ నాయనా?" అని గట్టిగా అడిగాను.

"ఏమీ తక్కువ లేదురా. పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు, అంతే."

పెద్ద చెట్టును ఒకచోటి నుండి మరొకచోటికి మార్చేవారి పద్ధతి తరువాత ఎప్పుడో తెలుసుకున్నాను. గునపము తీసుకొని ఒక్క రోజులో పెకిలించరు. కొన్ని నెలల ముందే చెట్టు చుట్టూ కొంత కొంతగా కందకము తవ్వుతారు. తెగిన వేరు దగ్గర సన్నని కొత్త వేళ్లు పుట్టడానికి గడువిస్తారు. లావు వేరు చెట్టును నిలబెడుతుంది గాని, నీళ్లు తాగేది వెంట్రుకలంత సన్నని వేళ్లే. అవి పోతే పక్కన చెరువున్నా చెట్టు ఎండుతుంది. అందుకే పుట్టిన మట్టిని ముద్దగా, గోనెపట్టా చుట్టి, చెట్టుతోపాటే తీసుకుపోతారు. కొమ్మలు తగ్గిస్తారు. నాటాక కర్రలు ఊతమిచ్చి, ఏడాదికి పైగా నీళ్లు పోస్తారు. 2022లో రాజన్న సిరిసిల్ల జిల్లాలో వానకు కూలిన పెద్ద మర్రిని ఇలాగే క్రేన్లతో ఎత్తి మరోచోట నాటారు. అంతకు ముందు అది పడి ఉండగానే ఒకరు నీళ్లు పోస్తూ వచ్చారు, చిగురు వేసింది.

నేను మా నాయనకు పది దినాల గడువు కూడా ఇవ్వలేదు.

కీర్తనకారుడు దేవుని మందిరములో నాటబడిన చెట్ల గురించి చెప్తున్నాడు. అవి అక్కడ మొలిచినవి కావు, ఎవరో తెచ్చి నాటినవి. మొదటి కీర్తనలో కాలువ ఒడ్డున ఉన్న చెట్టు విషయములో వాడిన హెబ్రీ మాటకు కూడా, వేరొకచోటి నుండి తెచ్చి నాటినది అనే భావము ఉందని పండితులు అంటారు. 1863లో మదనపల్లెలో పని ప్రారంభించిన జేకబ్ ఛాంబర్లెయిన్ దొరగారు అమెరికా నుండి వచ్చినవారు. వైద్యము చేశారు, తెలుగు బైబిలు సవరణలో శ్రమించారు, 1908లో మదనపల్లెలోనే కన్నుమూశారు. అయితే ఆయన తానుగా కోరి వచ్చారు. మా నాయనను నేను తెచ్చాను. ఆ తేడా చిన్నది కాదు.

ఒక ఆదివారము సాయంత్రము సంఘములోని ఒక పెద్ద మా ఇంటికి వచ్చారు. గోడమీది ఫోటో చూసి, "ఈ పిల్లోడు ఎవరన్నా?" అని నాయనను అడిగారు. నాయన లేచి ఫోటో దగ్గరికి వెళ్లాడు. మైల ఎద్దు ఏది, కర్రి ఎద్దు ఏది, బావి తవ్వినది ఎవరు, అన్నీ చెప్పాడు. కాఫీ చల్లారిపోయింది. అన్నేళ్లు ఆ ఫోటో కింద కూర్చొని అన్నము తిన్నవాణ్ణి, నేను ఒక్కసారి కూడా అడగలేదు. ఆ పెద్ద తరువాతి వారము మళ్లీ వచ్చారు, ఆ తరువాత కూడా. గుడిలో తన పక్కన చోటు పెట్టేవారు. నాయన మరి మూడేళ్లు బ్రతికాడు. కుప్పమును "మా ఊరు" అని ఒక్కనాడూ అనలేదు. నేను క్షమించమని అడిగిన రోజు నా తలమీద చెయ్యి పెట్టి, "ఎద్దులను ఎవరికి అమ్మితివిరా?" అని మాత్రము అడిగాడు.

మదనపల్లెలో, కుప్పములో, బెంగుళూరులో కొడుకుల ఇండ్లలో, కూతుళ్ల ఇండ్లలో ఈ మాటలు వింటున్న పెద్దలున్నారు. వారిని తెచ్చుకున్నవారూ వింటున్నారు. తలలు వంచి ప్రార్థన చేద్దాము.

తండ్రీ, ఊరు విడిచి వచ్చిన మా పెద్దలను జ్ఞాపకము చేసుకో. వారి పేర్లు నీకు తెలుసు. తొందరపడి తెచ్చిన మమ్మును క్షమించు. ఈ వారము వారి పక్కన కూర్చొని అడిగే ఓపికను మాకు దయచేయుము. యేసు నామములో వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమేన్.