ఎర్రలైటు వెలిగితే బండి ఆపే హక్కు ఎవరిది?

(నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను హక్కుల మీద మాట్లాడమన్నారు. నేను సంస్థ బండి నడిపే డ్రైవర్ని. అందుకని స్టీరింగు వెనక వెలిగే చిన్న లైట్ల గురించే మాట్లాడతాను. అందులో హక్కేముందని మీకు అనిపించవచ్చు.

మన పనే వూళ్ళు తిరగటం. దేవరకొండ తండాలకు వెళ్తాం, అచ్చంపేట దాటి నల్లమలలోని చెంచు పెంటలకు వెళ్తాం. శ్రీశైలం రోడ్డులో మన్ననూరు దగ్గర అడవి గేటు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసి వుంటుంది. లోపల చాలాచోట్ల ఫోను కలవదు. అక్కడ బండి చెడితే చీకట్లో రోడ్డు మీద నిలబడాల్సింది మనమే. అయినా లైటు సంగతి డ్రైవరుదే అనుకుంటాం. డ్రైవరేమో ఆఫీసుకు భయపడతాడు. "మీటింగు టైమైంది, పోనియ్" అని వెనక సీట్లోంచి మనమే అంటాం.

ముందు రంగులు తెలుసుకుందాం. ఎరుపు అంటే వెంటనే ఆపమని. పసుపు అంటే త్వరలో చూపించమని. ఆకుపచ్చ, నీలం ఏదో ఒకటి పనిచేస్తోందని చెప్పేవి, వాటికి భయపడక్కర్లేదు. తాళం తిప్పి, ఇంజన్ స్టార్టు చేయకముందు చూడండి. ఆయిలు, బ్యాటరీ, ఇంజన్ గుర్తులు వెలగాలి, స్టార్టయ్యాక ఆరిపోవాలి. అసలు వెలగకపోతే సంతోషించకండి. బల్బు పోయి వుండవచ్చు, అమ్మేవాడు తీసేసి వుండవచ్చు. సెకండ్ హ్యాండ్ బండి కొనే సంఘాలు ఇది తప్పక చూసుకోవాలి.

చుక్క కారుతున్న నూనె డబ్బా గుర్తు ఎర్రగా వెలిగితే ఇంజన్‌లో ఆయిలు ఒత్తిడి పడిపోయిందని అర్థం. పక్కకు తీసి వెంటనే ఇంజన్ ఆపాలి. ఇంకో రెండు కిలోమీటర్లే కదా అని లాగితే ఇంజన్ సీజవుతుంది. ఆయిలు సరిపడా వున్నా లైటు వెలుగుతూనే వుంటే బండిని కట్టి లాక్కెళ్ళాల్సిందే.

నీళ్ళలో నిలబెట్టిన థర్మామీటరు గుర్తు ఇంజన్ కాగిపోయిందని చెబుతుంది. మన ఎండల్లో ఇది ఎక్కువ. ఆపి, చల్లారేదాకా కూచోండి. రేడియేటరు మూత తీయకండి. ఆవిరి పోకముందే ప్రెషర్ కుక్కర్ మూత తీస్తామా? ఇదీ అంతే, మరిగే నీళ్ళు ముఖం మీదికి చిమ్ముతాయి. మామూలు రోజుల్లో బోరు నీళ్ళు పోయవద్దు. ఆ ఉప్పు నీళ్ళకు లోపల గార కడుతుంది. కూలెంటే వాడాలి.

గుండ్రటి గీతలో ఆశ్చర్యార్థకం బ్రేకుది. హ్యాండ్ బ్రేకు దించారో లేదో చూడండి. దించినా ఆరకపోతే బ్రేకు ఆయిలు తగ్గి వుంటుంది, ఆ బండి కదలకూడదు. బ్యాటరీ గుర్తు వెలిగితే చార్జింగు ఆగిపోయిందని. పగలైతే ఏసీ, రేడియో కట్టేసి దగ్గరి వూరికి చేరవచ్చు. కానీ వేడి ముల్లు మీద కన్నుంచాలి. కొన్ని బండ్లలో అదే బెల్టు నీళ్ళ పంపునూ తిప్పుతుంది.

పసుపు రంగు ఇంజన్ గుర్తు నిలకడగా వెలిగితే నెమ్మదిగా వెళ్ళి మెకానిక్‌కు చూపించవచ్చు. మిణుకు మిణుకుమంటే వేగం తగ్గించి, వీలైనంత త్వరగా ఆపాలి. మెకానిక్ స్కానరు పెట్టి "లైటు పోయింది మేడమ్" అంటే సరిపోదు. ఏ కోడ్ వచ్చింది, ఏం బాగుచేశారు అని అడిగి బిల్లు మీద రాయించుకోండి. లోపం అలాగే వుంచి లైటు ఒక్కటే ఆర్పటం కష్టమేం కాదు.

ఇదంతా మగవాళ్ళ విద్య అనేవాళ్ళకు సరితను చూపించండి. సంస్థాన్ నారాయణపురం మండలం సీత్యా తండా అమ్మాయి ఆమె. 2015లో ఢిల్లీ రవాణా సంస్థలో మొదటి మహిళా బస్సు డ్రైవరయింది. 2025 జూన్‌లో మన ఆర్టీసీలోనూ మొదటి మహిళా డ్రైవరుగా చేరింది.

ఇక చట్టం మాట. 1988 మోటారు వాహనాల చట్టం 190వ సెక్షను ప్రకారం, లోపం తెలిసి గానీ, మామూలు జాగ్రత్తతో తెలుసుకోగలిగి వుండి గానీ ప్రమాదకరమైన బండిని నడిపినవాళ్ళే కాదు, నడిపించినవాళ్ళూ నడపనిచ్చినవాళ్ళూ శిక్షార్హులే. "పోనియ్" అన్న ఆఫీసుకూ బాధ్యత వుందన్నమాట.

అందుకే మీ సంస్థల్లో మూడు నియమాలు రాయించమని కోరుతున్నాను. ఎర్రలైటు వెలిగితే బండిలో వున్న ఎవరైనా ఆపమనవచ్చు. ఆపినందుకు డ్రైవరు జీతం కోయకూడదు, సంజాయిషీ అడగకూడదు. మనల్ని ఇళ్ళకు చేర్చే ఖర్చు సంస్థే భరించాలి. బండితో ఇచ్చే పుస్తకం ఇంగ్లీషులో వుంటే, గుర్తుల పేజీని తెలుగులో రాసి బండిలో అంటించండి. వచ్చే నెల మీటింగులోనే ఈ విషయం ఎజెండాలో పెట్టండి.

సెలవు.