కక్షిదారు సొమ్ము, మన బాధ్యత
(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ నుండి వచ్చిన పెన్షనరు మిత్రులారా!

నేను భూసేకరణ సెక్షన్‌లో గుమాస్తాగా పనిచేసిన వాణ్ణి. ఉపన్యాసాలు అలవాటు లేదు. తెలిసిన ఒక్క విషయం చెప్పి కూర్చుంటాను.

శ్రీశైలం, జూరాల ముంపులో భూములు పోయినవారు మన బంధువుల్లోనే ఎందరో ఉన్నారు. పరిహారం చాలలేదని కోర్టుకు వెళితే, పెరిగిన సొమ్ము కోర్టులో జమ అయ్యేది. కక్షిదారు తరఫున వకీలు చెక్ పిటిషన్ వేసి తీసుకునేవారు. పైసాతో సహా లెక్క అప్పగించిన వకీళ్లను చాలామందిని చూశాను. అప్పగించని వారినీ చూశాను.

అలాంటివి కొన్ని పై కోర్టుల దాకా వెళ్లాయి. గుంటూరులో ఒక భూమి దావాలో పంట సొమ్ము కోర్టులో జమ అయింది. 1955లో వకీలు 1,452 రూపాయల 4 అణాల చెక్కు మార్చుకున్నారు. కక్షిదారులకు ఇచ్చేశానని వాదించారు. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ మాట నమ్మలేదు, ఐదేళ్లు ప్రాక్టీసు చేయరాదన్నది. 1963లో సుప్రీంకోర్టు ఆ శిక్షనే ఖాయపరిచింది.

ఉత్తరప్రదేశ్‌లోని లఖింపూర్ ఖేరీలో ఒక నిరుపేద వృద్ధుడికి భూసేకరణ పరిహారంగా 8,118 రూపాయలు జమ అయ్యాయి. 1987లో వకీలు వాటిని తీసుకుని తన దగ్గరే ఉంచుకున్నారు. పైగా రాజీ అయినట్లు కక్షిదారు పేరిట దొంగ అఫిడవిట్ దాఖలు చేశారు. బార్ కౌన్సిల్ మూడేళ్లు సస్పెండ్ చేస్తే, అదీ ఎక్కువేనని సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2002 జనవరిలో జస్టిస్ కె.టి. థామస్, జస్టిస్ ఎస్.ఎన్. ఫుకన్ ఆ శిక్ష చాలదని, వకీళ్ల జాబితా నుండి ఆయన పేరే తొలగించారు.

అమెరికాలో పేరుమోసిన వకీలు టామ్ జిరార్డి కక్షిదారుల నష్టపరిహారం సొమ్ము కాజేసినందుకు 2025 జూన్‌లో 87 నెలల జైలుశిక్ష పడింది. అప్పటికి ఆయన వయసు 86.

మన రెండు కేసుల్లో జైలు మాట లేదెందుకంటే, అవి వృత్తి క్రమశిక్షణ కేసులు. బార్ కౌన్సిల్ సస్పెండ్ చేయగలదు, పేరు తీసేయగలదు, జైలుకు పంపలేదు. దానికి పోలీసు ఫిర్యాదు వేరుగా ఇవ్వాలి. పాత శిక్షాస్మృతి 409వ సెక్షన్ నమ్మకద్రోహం కింద యావజ్జీవం వరకు శిక్ష ఉండేది. 2024 జూలై 1 నుండి అది భారతీయ న్యాయ సంహిత 316(5)లో ఉన్నది. సొమ్ము రాబట్టుకోవడం మళ్లీ ఇంకో పోరాటం.

ఇప్పుడు నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. ఎనభైల్లో ఒక ముసలి రైతు నెలనెలా మా ఆఫీసుకు వచ్చేవాడు. "సారూ, నా పైసలేమాయె?" అనేవాడు. "కోర్టుల జమైనయి పెద్దాయనా, నీ వకీలును అడుగు" అని పంపేవాణ్ణి. చలానా రాసింది నేనే. వకీలు ఆ సొమ్ము ఏడాది కిందటే తీసుకున్నాడని తర్వాత కోర్టులో పనిచేసే మిత్రుడు చెప్పాడు. ఆ వకీలుతో నాకు రోజూ పని పడేది. మనకెందుకులే అనుకున్నాను. ముసలాయన మళ్లీ వచ్చాడు. మళ్లీ అదే మాట చెప్పి పంపాను. ఆ తర్వాత ఆయన రాలేదు. ఎందుకు రాలేదో నేను కనుక్కోలేదు.

అందుకే చెబుతున్నాను. ఖాళీ కాగితం మీద సంతకం, వేలిముద్ర పెట్టకండి. వకాలత్‌నామా చదివించుకోండి. సొమ్ము మీ బ్యాంకు ఖాతాకే జమ చేయమని కోర్టును కోరండి. అడిగినప్పుడు లెక్క కాపీ ఇవ్వడం వకీలు విధి. గెలిచిన సొమ్ములో వాటా మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నియమాలకు విరుద్ధం. అన్యాయం జరిగితే హైదరాబాదులోని రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి.

చివరగా ఒక మనవి. ఫైళ్లు చదవడం మనకు వచ్చిన విద్య. మూడు పట్టణాల్లోనూ వారానికొక పూట మనలో ఒకరు కూర్చుని, వచ్చిన రైతుల కాగితాలు చదివిపెడదాం. సంఘం ఒప్పుకుంటే జాబితాలో మొదట నా పేరు రాయండి.