మొదటి కెమెరాకు సంచి

(బరంపురమున మన సంఘ భవనములో యువజన విభాగమువారి సమావేశమునందు, సంఘ కార్యవర్గ సభ్యులును పట్టుబట్టల వర్తకులునగు ఒకరు చేసిన ప్రసంగ పాఠము.)



నేను ఉపన్యాసకుడను కాను. మెట్రిక్యులేషనుతో చదువు ముగించి, మా నాయనగారి దుకాణములో కొలబద్ద చేతపట్టినవాడను. నేడు మన యువజన విభాగమునకు సంఘము తరపున రెండవ కెమెరా నిచ్చుచున్నాము. కెమెరాను గూర్చి నాకంటె బాగుగా తెలిసిన యువకులు మీలో చాలమంది యున్నారు. నేను చెప్పదలచినది దానిని పెట్టుకొను సంచిని గూర్చి మాత్రమే. ఇంత చిన్న విషయమునకు ప్రసంగమెందుకని కొందరు నవ్వుకొనవచ్చును. మొదటి కెమెరా ఏమైనదో తెలిసినవారు నవ్వరు.

1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రము ఏర్పడినపుడు గంజాము సీమలో అధిక భాగము మద్రాసు రాజధాని నుండి విడివడి దానిలో చేరినది. నాటినుండి మనము ఇచ్చట అల్పసంఖ్యాక భాషవారము. ఆ కాలపు మన పెద్దల ముఖములు, మగ్గములు, పెండ్లిపందిళ్లు పటములుగా మిగిలినవి బహు కొద్ది. మిగిలిన ఆ కొద్దిలోను, 2013 అక్టోబరు 12వ తేదీన గోపాలపురము చెంత ఫైలిన్ తుఫాను తీరము దాటిన రాత్రి ఎన్ని తడిసి పోయినవో ఆ యా ఇండ్లవారికే తెలియును. కనుక ఉన్నవానినైనను ఫొటోలుగా భద్రపరుపవలెనని తలచి, నాలుగేండ్ల క్రిందట సభ్యులందరము తలకొంత చందా వేసికొని ఒక డి.ఎస్.ఎల్.ఆర్. కెమెరా కొంటిమి.

దానిని కొన్నది నేనే. అంగడివాడు రెండు సంచులు చూపెను. ఒకటి 1600 రూపాయలు, మరొకటి 450. బేరమాడుటలో నాకు పేరున్నది గదా! “సంచికి ఇంత ధరయా?” యని చిన్నదానిని తీసికొంటిని. 1150 రూపాయలు సంఘమునకు మిగిల్చితినని కార్యవర్గ సమావేశములో చెప్పుకొంటిని కూడ.

ఆ ఏడు ఠాకురాణి యాత్రలో పులివేషములను ఫొటో తీయుటకు మన కుర్రవాడొకడు ఆ సంచిని భుజమున వేసికొని వెళ్లెను. జనసమ్మర్దములో ఎవరో ఒరసికొని పోగా పట్టీ ఊడినది. కెమెరా రోడ్డుమీద పడి, లెన్సు బిగించుచోట విరిగినది. మరునాడు ఉదయము ఒక వృద్ధ నేతగాని ఇంటికి పోయి, ఆయన మగ్గముమీద కూర్చుండగా ఫొటోలు తీయవలెనని ఏర్పాటు చేసికొని యుంటిమి. ఆ వీధిలో ఇంటిలో మగ్గము నిలుపుకొన్నవారు ఆయన యొక్కరే. కెమెరా బాగుపడి వచ్చుటకు రెండు నెలలు పట్టినది. అంతలో ఆ పెద్ద కాలము చేసెను. కుమారులు మగ్గమును విప్పి కలప అమ్మివేసిరి. ఆ ఫొటో మనవద్ద లేదు. ఇక రాదు.

కుర్రవాడు అజాగ్రత్తగా నుండెనని సమావేశములో కొందరనిరి. అతడు బదులు పలుకలేదు. కొన్ని మాసములు సంఘమునకు వచ్చుట కూడ మానుకొనెను. తరువాత ఒకనాడు నేను ఆ సంచిని మా దుకాణపు బల్లమీద తిరగవేసి చూచితిని. పట్టీ మొదట ఒకే వరుస కుట్టున్నది. అదియు దారము వదులుగా పోయిన కుట్టు. ఇరువది యేండ్లకు పైగా బట్ట చూచుచున్న కన్ను నాది. జాకెట్టు గుడ్డలో ఒక పోగు తప్పినను కనిపెట్టుదును. ఆ దినమున మాత్రము చూడలేదు; ధర యొక్కటే చూచితిని. ఈ మాట నేను నాడు సభలో చెప్పలేదు. నేడు చెప్పుచున్నాను. తప్పు కుర్రవానిది కాదు, నాది.

ఇక మన ఇండ్లలో మొదటి కెమెరా కొనువారికి పనికివచ్చునట్లు నేను తెలిసికొన్నది చెప్పెదను.

డి.ఎస్.ఎల్.ఆర్. అనగా లోపల అద్దమున్న డిజిటల్ కెమెరా. లెన్సుగుండ వచ్చిన వెలుతురు అద్దముమీద పడి మన కంటికి చేరును. మీట నొక్కినపుడు అద్దము పైకి లేచును. ఇప్పుడు పెద్ద కంపెనీలవారు అద్దములేని కెమెరాల వైపు మొగ్గుచున్నారు. అందుచేత మంచి డి.ఎస్.ఎల్.ఆర్.లు వాడినవి చౌకగా దొరకుచున్నవి. కాని వాడిన సరుకుతో సంచి రాకపోవచ్చును. వచ్చినను అది మీ అవసరమునకు తగినది కాకపోవచ్చును.

మొదట చేయవలసినది తూకము, కొలత. ఉదాహరణకు కెనాన్ 1500డి కెమెరా బ్యాటరీ, కార్డుతో కలిపి 475 గ్రాములు. దానితో వచ్చు 18-55 లెన్సు 200 గ్రాములు. దూరపు వస్తువులకై 55-250 లెన్సు కొన్నచో మరి 375 గ్రాములు. మొత్తము కిలోకు కొంచెము పైన. చార్జరు, రెండవ బ్యాటరీ, తుడుచు గుడ్డ, నీళ్ల సీసా చేర్చినచో రెండు కిలోలకు వచ్చును. చిన్న లెన్సు బిగించిన కెమెరా ముందు వెనుకలు సుమారు 15 సెంటిమీటర్లుండును. సంచి లోపలి లోతు అంతకు తగ్గరాదు. పైకొలతలు చూచి మోసపోకుడు. దళసరి మెత్త లోపలి చోటును తినివేయును. అన్నిటికంటె మేలు, కెమెరాను వెంట తీసికొని పోయి అంగడిలోనే పెట్టి చూచుట. రెండవ లెన్సుకు చోటుంచుకొనుడు. లేని అయిదు లెన్సులకు మాత్రము చోటు కొనకుడు. పెద్ద సంచిలో ఖాళీ యున్నచో కెమెరా దొర్లును.

రెండవది, సంచి జాతి. కెమెరా ఒక్కటియే లెన్సు క్రిందికుండునట్లు ఒరలో కత్తివలె దిగునది ఒకటి. ఒక కెమెరా, ఒక లెన్సు ఉన్నవారికి ఇది చౌక, తేలిక. అయితే కెమెరా బరువు లెన్సు మూతిమీద పడక, ప్రక్కల మెత్తలమీద ఆనునట్లుండవలెను. భుజమునకు వ్రేలాడు సంచి పెండ్లిండ్లకు, సభలకు అనుకూలము. చేయి పెట్టిన వెంటనే వస్తువు దొరకును. కాని బరువంతయు ఒక భుజముమీదనే పడును. ఛాతీమీదుగా అడ్డముగా వేసికొను ఒంటిపట్టీ సంచి జనములో మంచిది. ముందుకు త్రిప్పుకొని చేతితో పట్టుకొనవచ్చును. వీపు సంచి దూరము నడచువారికి సుఖము. కాని యాత్రలో, రైల్వే ప్లాట్‌ఫారముమీద వెనుకనున్న జిప్పును ఎవరు తీయుచున్నారో మనకు తెలియదు. జిప్పు వీపునకు ఆనుకొనియుండు రకము దొరకిన అది కొనుడు.

మూడవది బట్ట. ఇది నా వృత్తి గనుక ఒక్క నిమిషము సహింపుడు. సంచులమీద 600 డెనియరు, 1000 డెనియరు అని వ్రాయుదురు. 9000 మీటర్ల నూలు ఎన్ని గ్రాములు తూగునో అది దాని డెనియరు. మన పట్టు నేతవారికి 20, 22 డెనియర్ల ముడిపట్టు చేతి విద్యయే. లెక్క అదియే, నూలు మాత్రము అనేక రెట్లు లావు. 600 డెనియర్ల పాలియెస్టరు మనకు సాధారణముగా చాలును. అంకె పెద్దదైనంత మాత్రమున సంచి గట్టిది కాదు. నేత వదులైనచో లావు నూలు కూడ చిరుగును. లోపలివైపు నీరు దిగకుండ పూత వేయుదురు. మన ఉక్కపోతలో కొన్నేండ్లకు కొన్ని పూతలు జిగటగా మారి పొట్టు రాలును. కనుక పాత సంచి కొనునపుడు లోపల చేయి పెట్టి తడిమి చూడుడు.

నాలుగవది కుట్టు. నాకు తల వంపు తెచ్చినది ఇదియే. పట్టీ సంచితో కలియుచోట చదరముగా కుట్టి, ఆ చదరములో మూలనుండి మూలకు రెండు అడ్డకుట్లు వేసియుండవలెను. ఒకే వరుస కుట్టున్న సంచిని ఉచితముగా ఇచ్చినను తీసికొనకుడు. పట్టీని రెండు చేతులతో పట్టి గట్టిగా లాగి చూడుడు. అంగడివాడు కోపించినచో మరొక అంగడికి పొండు. జిప్పు మీట వెనుక 5, 8, 10 అను అంకెలుండును. అవి మూసిన పండ్ల వెడల్పునకు ఇంచుమించు మిల్లీమీటర్ల లెక్క. పెద్ద మూతికి 8 గాని 10 గాని ఉండుట మేలు. గరుకు పట్టీ, అనగా వెల్క్రో, గట్టిదే గాని చప్పుడు చేయును. హరికథ నడుమ దానిని తీసి చూడుడు, తెలియును!

అయిదవది మెత్త. బొటనవ్రేలితో అదిమి విడువుడు. వెంటనే పైకి లేచినది మంచిది. నొక్కుపడి నిలిచిపోయినది ఆరు నెలలలో అట్టముక్క యగును. అన్నిటికంటె అడుగున మెత్త ముఖ్యము. మనము సంచిని నేలపై దించునపుడు దెబ్బ తగులునది అడుగే గదా.

ఆరవది వాన, తేమ. బట్ట నీరు పట్టకున్నను కుట్టు రంధ్రములగుండ, జిప్పుగుండ నీరు దిగును. కనుక పైన తొడుగుకొను వానముసుగు ఉన్న సంచి కొనుడు. అయితే వానకంటె తేమ పెద్ద శత్రువు. గాలిలో తేమ 60 శాతము దాటి, చీకటిలో కదలక యుండినచో లెన్సు గాజుపై బూజు పుట్టి, దాని పూతను తినివేయును. సముద్రము చెంతనున్న మనకు వర్షకాలమంతయు ఈ భయమున్నది. కనుక సంచి మోయుటకే గాని దాచుటకు కాదు. ఇంటికి రాగానే కెమెరాను తీసి, గాలి చొరని మూత డబ్బాలో సిలికా జెల్ గుళికలతో ఉంచుడు. నీలిరంగు గుళికలలో విషలక్షణముగల కోబాల్టు లవణముండును. నారింజరంగువి కొనుట మేలు. అవి పచ్చబడినచో తేమ నిండినదని అర్థము. తడిసిన సంచిని విప్పి నీడన ఆరవేయుడు. గోపాలపురపు ఇసుకలో సంచి దించకుడు. చల్లని ఏ.సీ. గదినుండి బయటికి వచ్చినపుడు అరగంట వరకు జిప్పు తీయకుడు. లేనిచో గాజుపై చెమ్మ పట్టును.

ఏడవది, మరువరానిది: సంచిమీద కెమెరా కంపెనీ పేరు పెద్ద అక్షరములలో ఉండరాదు. లోపల ఏమున్నదో దొంగకు చాటి చెప్పుట ఎందుకు? డబ్బు తక్కువైనవారికి ఒక ఉపాయము. మెత్తటి అరలుగల లోపలి పెట్టె విడిగా అమ్ముచున్నారు. దానిని కొని, ఇంటనున్న గట్టి కాన్వాసు సంచిలో అమర్చుకొనుడు. కుట్టు పైన చెప్పినట్లు మన దర్జీచేత వేయించుకొనుడు. చూచువారికి అది కూరల సంచి, లోపల మీ కెమెరా.

ధర ఎంత పెట్టవలెనని అడుగుదురు. కెమెరా ధరలో పదవ వంతు సంచికని ముందే విడిగా ఉంచుకొనుడని నా సలహా. మొదట కెమెరా కొని, మిగిలిన చిల్లరతో సంచి కొనకుడు. నేను చేసినది అదియే.

సంచి ఎంత మంచిదైనను ఒక నియమము మనుష్యుడు పాటింపవలసియున్నది: మూత కప్పినపుడే జిప్పు వేయవలెను. తరువాత వేసెదనని మూత మాత్రము కప్పి నడచినవాని కెమెరా, సంచి ఎత్తగానే నేలపాలగును.

ఈసారి సంచిని నేను ఒంటరిగా ఎన్నుకొనలేదు. నాడు కెమెరా పట్టిన కుర్రవానిని నేనే వారి ఇంటికి పోయి పిలుచుకొని వచ్చితిని. ఇద్దరము కలిసి మూడు అంగళ్లు తిరిగి, పట్టీలు లాగి చూచి కొంటిమి. 1800 రూపాయలైనది, లెక్క కార్యదర్శిగారివద్ద నున్నది. ఈ కెమెరాను, ఈ సంచిని అతని చేతికే ఇచ్చుటకు అధ్యక్షులవారి అనుమతి కోరుచున్నాను. మన వీధులలో ఇంకను కొందరు పెద్దలున్నారు. ఈ ఆదివారమే బయలుదేరుడని యువకులకు నా మనవి.