రథకారుని అగ్ని

ఫాల్గుణ బ్రహ్మోత్సవములలో యాదగిరిగుట్ట నరసింహస్వామి రథమును మనమే లాగుదుము. వేదకాలపు రథము వేరు. అది గుఱ్ఱములు లాగు తేలికబండి. దాని అక్షమే మన ఎడ్లబండికి ఇరుసు, అరలే ఆకులు. పలకలతో చేసిన నిండుచక్రము బరువు; ఆకుల చక్రము వేగమునకు అనువు. అయితే ఒక్క ఆకు పొట్టియైనను చక్రము నిలువదు.

ఆ కూర్పు తెలిసిన రథకారునికి వర్షాకాలమున అగ్న్యాధానము విధింపబడినది. ఎవడీ రథకారుడు? రథము చేసిన త్రైవర్ణికుడా? కాదు, ఆ మూడు వర్ణముల వెలుపలి రథకారజాతివాడే యని పూర్వమీమాంస ఆరవ అధ్యాయమున జైమిని నిర్ణయము. పదమును విడదీసిన అర్థముకన్న వాడుకలో స్థిరపడిన అర్థమే బలీయము గదా! వడ్రంగికి వేదముతో పనియేమి అనువారు ఈ అధికరణమును చదివియుండరు. వాని ఆధానమంత్రము ఋభుదేవతలది. అశ్వినుల రథమును నిర్మించినవారు ఆ ఋభువులే.